జపనీస్ మాట ఒకటి, అర్థాలు అనేకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. మాట తెలుసు, ఒక అర్థం తెలుసు, కానీ వాక్యంలో ఇంకేదో అర్థం వస్తోంది. అలాంటివి అయిదు ఎంచుకున్నాం. జపనీస్ మాటలను తెలుగు లిపిలోనే రాశాం. దీర్ఘం ఉన్నచోట సాగదీసి, లేనిచోట పొట్టిగా పలకండి. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అవ్వ. మన లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉండడం ఈ భాషకు బాగా పనికొస్తుంది, దాన్ని వాడుకోండి. మాటల మధ్య కనిపించే ‘ఒ’ మన ‘ను’ లాంటిది, ‘ని’ మన ‘కు’ లేదా ‘లో’ లాంటిది, ‘గ’ కర్తను చూపిస్తుంది.

ప్రశ్న: జీఎన్ఎం నర్సింగ్ చదివిన. జపాన్‌లో ‘కయిగొ’, అంటే ముసలివాళ్లను చూసుకునే పనికి పోదామని జపనీస్ భాషా పరీక్షల ఎన్4 మెట్టుకు తయారైతున్న. ‘కకెరు’ అనే క్రియ దగ్గర ఆగిపోయిన. నిఘంటువులో ఇరవైకి పైగా అర్థాలున్నయి. వరుసగా రాసుకొని బట్టీ పట్టిన. వారం తిరిగేసరికి నాలుగు కూడా గుర్తుంటలేవు. ఎట్ల నేర్చుకోవాలె?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు, మీరు రాసుకున్న జాబితాలో ఉంది. ‘కకెరు = తగిలించు, వేయు, పోయు, కూర్చొను, ఖర్చుపెట్టు…’ అని ఒకే గీత మీద రాస్తే ఆ అర్థాలను ఒకదానితో ఒకటి కలిపే దారం ఉండదు. వాక్యం ఎదురైనప్పుడు ఏది పట్టుకోవాలో చెప్పే గుర్తూ ఉండదు. ఆ గుర్తు క్రియలో కాదు, దాని ముందున్న నామవాచకంలోనూ విభక్తిలోనూ ఉంటుంది. కాబట్టి ‘కకెరు’ను ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. ‘కగి ఒ కకెరు’ (తాళం వేయు) అని జంటగానే రాయండి, జంటగానే పలకండి.

తెలుగువాళ్లకు ఈ మాట నిజానికి కష్టం కాకూడదు. మన ‘వేయు’ను చూడండి: తాళం వేస్తాం, బ్రేకు వేస్తాం, పాట వేస్తాం, వంతెన వేస్తాం. జపనీస్‌లో ఈ నాలుగింటికీ కకెరే: కగి ఒ కకెరు, బురేకి ఒ కకెరు, ఒంగకు ఒ కకెరు, హషి ఒ కకెరు. ఒకదాన్ని తీసుకొచ్చి ఇంకొకదాని మీద ఆనించడం, దాని బరువో ప్రభావమో అవతలిదాని మీద పడేలా చేయడం – ఇదీ ఆ క్రియకు మూలమైన ఊహ. గోడకు పటం తగిలించినా, దుప్పటి కప్పినా, అన్నం మీద షోయు (సోయా సాస్) చిలకరించినా, ఎదుటివాళ్లకు ఇబ్బంది కలిగించినా (మేవకు ఒ కకెరు) ఆ ఊహ లోపల కదులుతూనే ఉంటుంది.

దీనికి జోడీ క్రియ ‘కకరు’. ఒకరు చేసేది కకెరు, దానంతట అది జరిగేది కకరు. ఇక్కడ మన ‘వేయు–పడు’ జత అచ్చంగా సరిపోతుంది. తాళం వేస్తే తాళం పడుతుంది. ‘కగి గ కకరనయి’ అంటే ‘తాళం పడతలేదు’. ‘ఇకుర కకరిమసు క’ అంటే మన అంగట్లో అడిగే ‘ఎంత పడతది?’. ‘జికన్ గ కకరు’ అంటే ‘టైమ్ పడతది’. ‘బ్యోకి ని కకరు’ అంటే ‘జబ్బున పడు’, విభక్తితో సహా. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లకు ఇవన్నీ విడివిడి అర్థాలు. మీకు నల్లగొండలో పుట్టినప్పటినుంచీ తెలిసిన ఒకటే మాట.

అయితే ‘వేయు’ ఎక్కడ కనిపించినా కకెరు పెట్టేస్తే తప్పులు మొదలవుతాయి. మీ పనిలో ఎక్కువగా వచ్చేవి ఇవి. ‘గోలీ వేసుకో’ అనడానికి కకెరు రాదు. జపనీస్‌లో మాత్రనైనా ‘తాగుతారు’: కుసురి ఒ నొము. ‘అంగీ వేసుకో’కు కిరు, ‘ప్యాంటు, చెప్పులు వేసుకో’కు హకు, టోపీకి కబురు. కండ్లద్దాలకు మాత్రం మెగనె ఒ కకెరు. అక్కడ మనం ‘పెట్టుకో’ అంటాం. ‘లైటు వెయ్యి, ఫ్యాను వెయ్యి’కి త్సుకెరు. ‘తలుపు వెయ్యి’కి షిమెరు. ఉడుకుతున్న కూరలో ఉప్పు వేస్తే ఇరెరు. వడ్డించిన దాని మీద చల్లితేనే కకెరు. ఈ ఏడింటిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అర్థాల జాబితా కన్నా ఈ తప్పుల జాబితా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఏ వరుసలో నేర్చుకోవాలి? నిఘంటువు వరుసలో కాదు, పని వరుసలో. కయిగొకు పోయేవాళ్లు మొదట ‘కొఎ ఒ కకెరు’ నేర్చుకోవాలి. కొఎ అంటే గొంతు. మనిషిని ముట్టుకునే ముందు, లేపే ముందు, పక్కకు తిప్పే ముందు ‘ఒకొషిమసు నె’ (లేపుతున్నాను) అని మాట చెప్పడం అన్నమాట. సంరక్షణ పనిలో దీనికి ‘కొఎకకె’ అని ప్రత్యేకమైన పేరే ఉంది. ‘ఉగొకసు మఎ ని కొఎ ఒ కకెతె కుదసయి’ అని పైవాళ్లు చెబితే, కదిలించే ముందు చెప్పి కదిలించమని. దీన్ని గట్టిగా అరవడం అనుకునేవాళ్లున్నారు. అరవడం వేరు, దానికి ‘ఓగొఎ ఒ దసు’ అంటారు.

రెండోది ‘కురుమఇసు నొ బురేకి ఒ కకెరు’, చక్రాల కుర్చీకి బ్రేకు వేయడం. మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు రెండు పక్కలా వేయాలి. ‘బురేకి గ కకత్తె ఇమసు క’ అని ఎవరైనా అడిగితే ‘బ్రేకు పడి ఉందా?’ అని. చేసే పనిలో కకెరు, ఉన్న స్థితిలో కకరు – ఈ తేడా మీకు ఈ ఒక్క కుర్చీ దగ్గరే పట్టుబడుతుంది. తర్వాత మోఫు ఒ కకెరు (దుప్పటి కప్పు), కగి, మెగనె, దెన్వ ఒ కకెరు (ఫోన్ కొట్టు), కొషి ఒ కకెరు (కూర్చొను, కొషి అంటే నడుము). ‘ఒకకె కుదసయి’ అని మర్యాదగా కూర్చోమన్నప్పుడు వినిపించేది ఈ చివరిదే. జికన్ ఒ కకెరు, మేవకు ఒ కకెరు, షింపయి ఒ కకెరు (దిగులు పెట్టు) రెండో వారానికి ఉంచుకోండి. గుణకారం (‘ని కకెరు సన్ వ రొకు’, రెండు మూళ్లు ఆరు), వంతెన లాంటివి చివర.

చీటీలు రాసే పద్ధతి. ఒక చీటీకి ఒకే జంట. ముందువైపు క్రియ లేని వాక్యం, కింద చిన్నగా తెలుగులో సందర్భం: ‘కురుమఇసు నొ బురేకి ఒ ____, మంచం దగ్గర, కుర్చీ జరగకుండా’. వెనకవైపు కకెరు, కకెమసు, కకెతె మూడు రూపాలూ. ఇలాంటి చీటీలను మళ్లీ మళ్లీ అడిగే ఆంకీ యాప్ వాడేవాళ్లు రోజుకు 20 కొత్త చీటీలు అన్న అమరికను 5కు తగ్గించండి. అందులో కకెరువి మూడుకు మించొద్దు. ఎనిమిది అర్థాలు కుక్కిన చీటీ ఎప్పుడూ సగమే గుర్తొస్తుంది, కాబట్టి ఎప్పుడూ తప్పే అవుతుంది. అలా ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దానికి ‘లీచ్’ అని గుర్తు వేస్తుంది. ఆ గుర్తు పడ్డ చీటీని మళ్లీ మళ్లీ రుద్దకుండా చించి రెండు మూడు చీటీలుగా రాయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఖాళీలన్నింటికీ జవాబు కకెరే అయితే మీరు వాక్యం చదవడం మానేస్తారు, చేయి అలవాటుగా కకెరు రాసేస్తుంది. అందుకే ప్రతి జంటకూ ఒక పోటీ చీటీ కలపండి. కగి ఒ కకెరు పక్కన కగి ఒ అకెరు (తాళం తీయు), మెగనె పక్కన బోషి ఒ కబురు, దెన్వ ఒ కకెరు పక్కన దెన్వ ని దెరు (వచ్చిన ఫోన్ ఎత్తు), మోఫు పక్కన పజమ ఒ కిరు. ఇవి కలిపి కలగాపులగంగా వేస్తేనే మీకు వచ్చిందో రాలేదో తెలుస్తుంది. పరీక్షలో కూడా అడిగేది ఇదే. ఎన్4 నుంచి ఎన్1 దాకా ‘యోహో’ అనే ప్రశ్న ఉంటుంది. ఒక మాట ఇచ్చి, దాన్ని వాడిన నాలుగు వాక్యాల్లో సరైనది ఏదో పట్టుకోమంటారు. అర్థం మాత్రమే తెలిసినవాళ్లు తడబడేది అక్కడే. ఎన్5లో ఈ ప్రశ్న లేదు కాబట్టి అది దాటినవాళ్లకు ఎన్4లో ఇది కొత్తగా తగులుతుంది.

ఒక జాగ్రత్త. కకెరు అని వినిపించేవన్నీ ఈ క్రియే కాదు. ‘కంజి గ కకెరు’ అంటే కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) రాయగలను. అది ‘కకు’ (రాయు) నుంచి వచ్చింది. ‘చవన్ గ కకెరు’ అంటే గిన్నె అంచు పెచ్చు ఊడింది. పరుగెత్తే కకెరు, పందెం కాసే కకెరు కూడా ఉన్నాయి. కంజిలో రాస్తే ఇవి వేరుపడతాయి. తగిలించేదానికి ఎడమపక్క చేయి గుర్తు, పరుగుకు గుర్రం గుర్తు, పందేనికి గవ్వ గుర్తు. పూర్వం గవ్వలు డబ్బుగా చెలామణి అయ్యేవి కాబట్టి డబ్బుకు సంబంధించిన చాలా కంజిల్లో ఆ గుర్తు కనిపిస్తుంది. కానీ ఫోన్, కండ్లద్దాల లాంటి రోజువారీ వాడుకలో కకెరును తరచుగా హిరగాన అనే ఉచ్చారణ అక్షరాల్లోనే రాస్తారు, అప్పుడు దిక్కు నామవాచకమూ విభక్తే. ఈ నాలుగింటికీ వేరే పేజీ పెట్టండి, అర్థాల పేజీలో కలపకండి.

ప్రశ్న: ‘ఇత్తె కుదసయి’ అని ఆడియోలో వస్తే పొమ్మంటున్నరా, చెప్పమంటున్నరా అర్థమైతలేదు. ‘కితె’ కూడా అంతే. వినేటప్పుడు ఎట్ల గుర్తుపట్టాలె?
– ఇంజినీరింగ్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: ‘ఇకు’ (పోవు), ‘ఇఉ’ (చెప్పు, వినడానికి ‘యూ’) రెండింటికీ ‘తె’తో ముగిసే రూపం ‘ఇత్తె’. స్వరంలో, అంటే గొంతు ఎత్తు దిగుడులో, కూడా తేడా లేదు. అందుకే ముందున్న విభక్తి వినండి. ఊరు పేరో చోటో, తర్వాత ‘ని’ లేక ‘ఎ’ వస్తే పొమ్మని: ‘బ్యోయిన్ ని ఇత్తె కుదసయి’, ఆసుపత్రికి వెళ్లండి. ‘తొ’ వస్తే చెప్పమని: ‘హయి తొ ఇత్తె కుదసయి’, అవును అని చెప్పండి. ఆ ‘తొ’ మన ‘అని’.

‘కితె’ విషయంలో స్వరం సాయం చేస్తుంది. ‘రా’ అనే కితెలో మొదటి అక్షరం ఎత్తులో ఉండి తర్వాత దిగుతుంది. ‘తొడుక్కో’ అనే కితెలో దిగుడు ఉండదు.

దీనికన్నా ప్రమాదమైన జతలు మూడున్నాయి, వీటిని మాత్రం బట్టీ పట్టాల్సిందే. కిరు అంటే కోయు అయితే కిత్తె, తొడుగు అయితే కితె. ఇరు అంటే అవసరపడు అయితే ఇత్తె, ఉండు అయితే ఇతె. కఎరు అంటే తిరిగిపోవు అయితే కఎత్తె, మార్చు అయితే కఎతె. మూల రూపం ఒక్కటే, రెండు వేర్వేరు గణాల క్రియలు. వత్తు ఉన్నచోట ఒక మాత్ర ఆగండి. ‘కితె’ రెండు మాత్రలు, ‘కిత్తె’ మూడు. వేళ్లతో తాళం వేస్తూ పలికితే నోటికి చప్పున పడుతుంది. ‘మసు’తో ముగిసే మర్యాద రూపంలోనూ తేడా ఉంది (కిరిమసు, కిమసు), చీటీ మీద అదీ రాయండి.

ప్రశ్న: ‘దయిజోబు’ అంటే ‘బాగానే ఉంది’ అని నేర్పించారు. కానీ ‘టీ కావాలా’ అని అడిగితే కూడా ‘దయిజోబు దెసు’ అంటున్నారు. కావాలనా, వద్దనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అలా అన్నప్పుడు చాలావరకు వద్దనే. మన ఇళ్లలో ‘ఇంకింత అన్నం పెట్టాలా?’ అంటే ‘పర్లేదు’ అంటారు కదా, అలాంటిదే. అంగట్లో సంచి కావాలా అన్నప్పుడు ‘దయిజోబు దెసు’ అంటే సంచి వద్దని. ‘కెక్కో దెసు’, ‘ఈ దెసు’ కూడా ఇలాగే రెండు వైపులా పలుకుతాయి. మెచ్చుకోలుగా అంటే ‘బాగుంది’, ఏదైనా ఇవ్వబోతే ‘చాలు, వద్దు’.

సంరక్షణ పనిలో అసలు సమస్య జవాబులో కాదు, మీరు అడిగే ప్రశ్నలో ఉంటుంది. పడిపోయిన పెద్దాయనను ‘దయిజోబు దెసు క’ అని అడిగితే, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదని ‘దయిజోబు’ అనేస్తారు. దాన్ని నమ్మి వదిలేయకూడదు. ‘దొకొ గ ఇతయి దెసు క’ (ఎక్కడ నొప్పి?) అని అడగండి. కదిలించకుండా, అప్పుడే పైవాళ్లను పిలవండి. నీళ్ల విషయంలోనూ అంతే. ‘మిజు వ దయిజోబు దెసు క’ అని కాకుండా ‘మిజు ఒ నొమిమసు క’ (నీళ్లు తాగుతారా?) అని క్రియతో అడిగితే జవాబు ‘నొమిమసు’ అనో ‘నొమిమసెన్’ అనో వచ్చే అవకాశం ఎక్కువ. మళ్లీ దయిజోబు అనే వస్తే చేతిని చూడండి. వద్దనేటప్పుడు అరచేయి మొహం ముందు అటూ ఇటూ ఆడించడం అక్కడి అలవాటు.

ప్రశ్న: నిఘంటువులో మొదట ఉన్న అర్థమే ముఖ్యమైనదా? ఏ నిఘంటువు కొనాలి?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నిఘంటువును బట్టి ఉంటుంది. 1955లో ఇవనమి సంస్థ మొదటిసారి అచ్చువేసిన ‘కోజిఎన్’ చాలా పేరున్నది, కానీ అందులో అర్థాలు చారిత్రక వరుసలో, అంటే పాతది ముందు వస్తాయి. మొదటి అర్థం ఇవాళ ఎవరూ వాడనిది కావచ్చు. సన్‌సేదో వారి ‘దయిజిరిన్’ ఇప్పటి వాడుకను ముందు పెడుతుంది. ఎన్3 దాటేదాకా ఈ రెండూ కొనొద్దు, డబ్బు దండగ. ‘జిషో’ అనే ఉచిత వెబ్‌సైటులో మాట చూసి, పక్కన వాడుక మాట అన్న ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి. మొదటి మూడు అర్థాలు చదివి, ఉదాహరణ వాక్యాల్లోకి వెళ్లండి.

ఆ వెబ్‌సైటు అర్థాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. అక్కడ మనవాళ్లు ఊరికే చుట్టు తిరిగి వస్తున్నారు. జపనీస్‌లో అని, ఒతోతొ, అనె, ఇమోతొ అంటే నేరుగా అన్న, తమ్ముడు, అక్క, చెల్లె. ఇంగ్లిష్ గుండా పోతే నాలుగు రెండై, మళ్లీ నాలుగు చేసుకోవాలి. ‘అషి’ని ఇంగ్లిష్‌లో రెండు మాటలుగా విడగొట్టి చెబుతారు, మనకు కాలు ఒక్కటే చాలు. ‘అఒయి’ అంటే నీలం అని రాసుకుంటారు, తర్వాత సిగ్నల్లో పచ్చ లైటును ‘అఒ’ అన్నప్పుడు, మొహం పాలిపోయినవాళ్లను ‘కఒ గ అఒయి’ అన్నప్పుడు తికమకపడతారు. మన ‘పచ్చ’ కూడా ఆకుకూ పసుపుకూ రెండింటికీ పోతుంది. అలా ఒకే మాట రెండు రంగులను పట్టుకుంటుందని ఒప్పుకుంటే అఒయి సులువు. ఎదురు దిక్కులోనూ జాగ్రత్త ఉండాలి. మేనత్త, పిన్ని, పెద్దమ్మ అందరికీ జపనీస్‌లో ఒబసన్ ఒక్కటే, వరుసలు వెతకొద్దు. నోట్సులో అర్థం గడి తెలుగులోనే నింపండి. తెలుగులో సరైన మాట దొరకకపోతే సందర్భం రాయండి, ఇంగ్లిష్ మాట రాయకండి.

ప్రశ్న: ‘హషి’ అంటే వంతెన, అన్నం తినే పుల్లలు, అంచు – మూడూ అంటున్నారు. ఇవి ఒకే మాట అర్థాలా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: కాదు, మూడు వేర్వేరు మాటలు, వేర్వేరు కంజిలు. మన ‘వేయు’లా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినవి కావు కాబట్టి వాటి మధ్య సంబంధం వెతికి టైమ్ పోగొట్టుకోవద్దు. టోక్యో ఉచ్చారణలో పుల్లలకు ‘హ’ ఎత్తులో, ‘షి’ దిగువలో. వంతెనకు ‘హ’ దిగువలో, ‘షి’ ఎత్తులో, తర్వాత వచ్చే విభక్తి దిగుతుంది. అంచుకు ‘షి’ ఎత్తులోనే, విభక్తి కూడా దిగదు. వంతెన, అంచు విడిగా పలికితే ఒకేలా ఉంటాయి, అందుకే సాధన ఎప్పుడూ ‘హషి గ’, ‘హషి ఒ’ అని విభక్తి తగిలించి చేయండి. ‘అమె’ (వాన, మిఠాయి) కూడా ఇలాంటిదే. వానకు మొదటిది ఎత్తు, మిఠాయికి రెండోది. క్రియల స్వరాలు వినడానికి టోక్యో విశ్వవిద్యాలయం వారి ‘ఒజాద్’ వెబ్‌సైటు ఉచితం. ఒసాకా, క్యోటో వైపు వంతెనకూ పుల్లలకూ ఈ స్వరాలు తారుమారుగా వినిపిస్తాయి. అక్కడ పని దొరికినవాళ్లు టోక్యో స్వరమే పలకండి, అందరికీ అర్థమవుతుంది. వినేటప్పుడు మాత్రం స్వరం కన్నా పక్కనున్న క్రియను నమ్మండి: ‘వతరు’ (దాటు) వస్తే వంతెన, ‘త్సుకఉ’ (వాడు) వస్తే పుల్లలు.